బడిలో తోడుమనిషి



మహాభారతమున ధృతరాష్ట్రుడు పుట్టంధుడు. కురుక్షేత్రమున ఎవ్వడు ఎవ్వనితో తలపడెనో, ఏ వీరుడు ఎట్లు కూలెనో, ఆయనకు సంజయుడు చెప్పెను. ఈ కథను మనము వేయిసార్లు వింటిమి. విన్నప్పుడెల్ల సంజయుని దివ్యదృష్టిని తలచి ఆశ్చర్యపడితిమి. నాకు మాత్రము ముప్పదియైదేండ్లు బడిలో పనిచేసిన అలవాటుచేత వేఱొక ప్రశ్న తోచుచుండును. అంధుడగు రాజునకు సంజయుడు దొరకెను. అదే హస్తినాపురమున ఒక కుమ్మరివాని యింట పుట్టిన అంధబాలునకు ఎవ్వడు దొరకెను? భారతము దానిని చెప్పలేదు.

నేటి ప్రసంగమునకు విషయము అదియే. కన్ను, చెవి, కాలు, బుద్ధి, వీనిలో ఏదో యొకటి తోడిపిల్లలకువలె పనిచేయని బిడ్డకు బడిలో ఒక తోడుమనిషి కావలెను. నల్లబల్లపై వ్రాసినదానిని వానికి చదివి చెప్పవలెను, నోటికదలిక కనబడునట్లు ఎదుట కూర్చుండి పాఠమును మరల పలుకవలెను, చక్రముల కుర్చీని గడప దాటింపవలెను, మఱుగుదొడ్డికి తీసికొనిపోవలెను, పది పర్యాయములు చెప్పినను తెలియనిదానిని విసుగక పదునొకండవసారి చెప్పవలెను. ఇట్టి మనిషిని పేదపిల్లలు చదువు బడులకు ఇన్నాళ్లు ఏ లెక్కను పంచిరి, నేడు ఏ లెక్కను పంచుచున్నారు, ఆ లెక్కలో ఎవ్వరు జాఱిపోయిరి అను చరిత్రను కొంత మనవి చేసెదను.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మా చిన్ననాట పల్లెలో ఇట్టి పిల్లవానిని వాని లోపముతోనే పిలిచెడివారు. అది మోటుతనము. తరువాత వికలాంగుడనిరి. పిమ్మట విభిన్న ప్రతిభావంతుడనిరి, దివ్యాంగుడనిరి. బడి కాగితములలో ‘ప్రత్యేక అవసరములు గల పిల్లలు’ అని వ్రాయుదురు. నాలుగు వ్యాకరణసూత్రములు చదివినవానిగా నాకీ కడపటి పేరే నచ్చినది. అందులో బిడ్డను తెగడుటయు లేదు, పొగడుటయు లేదు. వానికేదో కావలెనని మాత్రమే యున్నది. ఇచ్చువారెవ్వరను ప్రశ్న దానివెంటనే వచ్చును. పేరులు మాఱినంత వేగముగా ఈ ఇచ్చుట మాఱలేదు.

వీధిబడిని గూర్చి మీ తాతలు చెప్పగా వినియుందురు. అరుగుమీద పంతులు, ఆయన యెదుట ఇసుక, ఇసుకలో వ్రేలితో దిద్దిన అక్షరములు. పంతులు ఒక్కడే. ఐనను బడి నడచెను. ఏలయన ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పెడివాడు. 1789లో మద్రాసునందలి ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శరణాలయమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు ఒకనాడొక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచెను. ఆ పద్ధతిని తన బడిలో పెట్టబోగా అందలి ఉపాధ్యాయులు సమ్మతింపరైరి. అంతట ఆయన ఎనిమిదేండ్ల పిల్లవాని నొకనిని పిలిచి అక్షరాభ్యాసపు తరగతిని వానికే అప్పగించెను. పని సాగెను. 1797లో ఆ సంగతిని లండనులో పుస్తకముగా ప్రకటించెను. అటుపిమ్మట ఇంగ్లండులో వేలకొలది పేదపిల్లలకు ‘మద్రాసు పద్ధతి’ అను పేరుతోనే చదువు చెప్పిరి. మన అరుగుమీది పెద్దపిల్లవాడు ఈ విధముగా సముద్రము దాటెను. జీతము లేని తోడుమనిషి అతడు.

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరును మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందఱు అని అడిగెను. తెలుగునకు వ్యాకరణము వ్రాసిన క్యాంబెలు అప్పుడు బళ్ళారి కలెక్టరు. ఆయన 1823లో తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని వ్రాయుచు, పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పు ఈ పద్ధతిని మెచ్చుకొనెను. మన విశాఖపట్టణము జిల్లా లెక్క 914 బడులు, 9,715 మంది పిల్లలు. భాగించి చూడుడు. బడి యొక్కంటికి పదిమందికి కొంచెము పైన. ఒక పంతులు, పదిమంది పిల్లలు, నడుమ ఒక పెద్దపిల్లవాడు. ఇట్టి బడిలో ఆలస్యముగా నేర్చుకొనువాడు కూడ ఒక మూల కుదురుకొని యుండవచ్చునని నా ఊహ. కాని ఊహయే, రుజువు లేదు. ఏలయన కలెక్టర్లు నింపిన ఆ పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులములవారు, మహమ్మదీయులు అని గడులున్నవి. మగపిల్లలు, ఆడపిల్లలు అని గడులున్నవి. చూపు లేనివారు, వినికిడి లేనివారు అని గడి లేదు. అడుగలేదు గావున వ్రాయలేదు. ఈ ‘గడి’ అను మాటను దయతో జ్ఞాపకముంచుకొనుడు. ఈ కథ అంతయు దానిచుట్టే తిరుగును.

తరువాత వచ్చినది ఇంకను చెడ్డ లెక్క. 1862లో ఇంగ్లండులో పుట్టి, ఆ శతాబ్ది ఉత్తరార్ధముననే మద్రాసు రాజధానికిని దిగిన ‘ఫలితములనుబట్టి గ్రాంటు’ అను పద్ధతి యది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల నొక్కొక్కరిని పరీక్షించును, తేఱినవానికి ఇంత అని బడికి సొమ్ము వచ్చును, తేఱనివానికి రాదు. పంతులు సహజముగ పేదవాడు. నత్తిగా చదువువాడు, అక్షరము తలక్రిందుగా వ్రాయువాడు వానికి కడుపుకోత. అట్టివానిని పరీక్షదినమున బడికి రావలదనుట నేరమని మనము ఇప్పుడనవచ్చును గాని, అట్లనిపించునట్లు లెక్కను కట్టినవాడు పంతులు కాడు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ పద్ధతి పోయెను. ఉత్తీర్ణుల శాతమును చూచి బడిని మెచ్చుకొను అలవాటు మాత్రము పోలేదని నాకు నా ఉద్యోగకాలమంతయు తెలియుచునే యుండెను.

ఆ రోజులలోనే దేశమున ప్రత్యేకముగా కొన్ని బడులు వెలసెను. 1885లో బొంబాయిలో బధిరులకు, 1887లో అమృతసరులో ఆనీ షార్ప్ అను మిషనరీ వనితచే అంధులకు, 1890లో తిరునల్వేలి దగ్గఱి పాళయంకోటలో అంధులకు, 1893లో కలకత్తాలో బధిరులకు. ఆ స్థాపకులు చేసినది చిన్న పని కాదు. కాని దేశపటమును ముందు పెట్టుకొని చూచినచో, సింహాద్రి క్రింద అడవివరములో పుట్టిన అంధబాలునకు అన్నిటికంటె దగ్గఱి బడియు వందలకొలది మైళ్ల దూరమున నున్నది. అమృతసరులో బడి తెఱచిన 1887వ సంవత్సరముననే మార్చి నెలలో అమెరికాలో ఆన్ సలివన్ అను యువతి హెలెన్ కెల్లరు అను చిన్నదానియింటికి వచ్చెను. చూపు లేదు, వినికిడి లేదు. అట్టి బాలిక తరువాత పట్టభద్రురాలై లోకప్రసిద్ధురాలయ్యెను. ఒక్క బిడ్డకు ఒక్క గురువు. ఆ కథను నేను ఎన్ని తరగతులలో చెప్పితినో లెక్క లేదు. దాని కొక అడుగుపొర కలదు. ఆ బాలిక తండ్రి పత్రికాసంపాదకుడు, పూర్వము సైన్యమున కాప్టెను. దూరనగరమునుండి గురువును పిలిపించి యింట నుంచుకొనగల స్తోమత గలవాడు. ఇది మరల ధృతరాష్ట్రుని మందిరమే.

జనాభా లెక్కలలో ఒక గడి యుండెను. 1872 మొదలుకొని 1931 వఱకు అంధులు, బధిరమూకలు, మతిచలించినవారు, కుష్ఠరోగులు అని లెక్కించుచుండిరి. 1941లో ఆ గడిని తీసివేసిరి. మరల 1981లో పెట్టిరి, 1991లో తీసిరి, 2001లో పెట్టిరి. ఇంటిలో దీపమును ఇన్నిసార్లు ఆర్పి ముట్టించిన కోడలిని అత్త యూరకుండనిచ్చునా? 2011 లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వైకల్యము గలవారు సుమారు 22 లక్షల 66 వేలమంది. దేశమంతటిలో 5 మొదలు 19 ఏండ్ల లోపు అట్టి పిల్లలలో నూటికి 61 మంది ఏదో బడిలో నుండిరి. 27 మంది బడి గడప ఎన్నడును త్రొక్కనివారు.

స్వాతంత్ర్యమునకు ముందే, 1944 నాటి సార్జెంటు నివేదికలో, ఇట్టి పిల్లల చదువు దేశవిద్యలో భాగము కావలెనని వ్రాసిరి. 1951లో భారతీయభాషలన్నిటికి ఒకే బ్రెయిలి లిపిని స్థిరపఱచుటచే మన ‘అ ఆ’లును ఉబ్బెత్తు చుక్కలలో నిలుకడగొనెను. 1964 మొదలు 1966 వఱకు కూర్చుండిన కొఠారి సంఘము, 1986 నాటికి అంధులు, బధిరులు, కాలుసేతులు సరిగా లేనివారు అగు పిల్లలలో నూటికి సుమారు 15 మందికి, బుద్ధిమాంద్యము గలవారిలో నూటికి 5గురికి చదువు అందవలెనని లక్ష్యము పెట్టెను. ఇరువదేండ్ల ముందుచూపులో నూటికి పదునైదు! తక్కిన ఎనుబదియైదుగురిని గూర్చి ఏమనుకొనిరో గాని, ఇట్టి పిల్లలను వీలున్నంతవఱకు సామాన్యపు బడిలోనే చదివింపవలెననిన మంచిమాట కూడ ఆ సంఘముదే.

ఆ మాటను పట్టుకొని 1974లో కేంద్రప్రభుత్వము వికలాంగబాలల సమీకృతవిద్య అను పథకమును ప్రారంభించెను. ఊరి బడిలోనే చదువు, వానికొక ప్రత్యేకోపాధ్యాయుడు, పుస్తకములకు, ప్రయాణమునకు, చదివి వినిపించువానికి భత్యములు. సంజయునకు సర్కారు జీతము వచ్చుట మన దేశమున అదియే మొదలు. ఆ పథకమున ప్రత్యేకోపాధ్యాయు డొక్కనికి ఎనిమిదిమంది పిల్లలు అను కొలతను పెట్టిరి. ఈ ఎనిమిది అను అంకెయొద్ద కొంచెము ఆగవలెను.

చూడుటకది న్యాయమైన అంకె. ఎనిమిదిమంది పిల్లలకు ఒక మనిషి కంటె ఎక్కువ నడుగుట ఆ రోజులలో అత్యాశ. కాని పట్టణములో ఆఱువందలమంది చదువు బడిని తీసికొనుడు. అందులో అట్టి పిల్లలు ఎనిమిదిమంది దొరకుదురు, డాక్టరు దగ్గఱ నున్నాడు, కాగితము సిద్ధమగును, మనిషి వచ్చును. ఇప్పుడు పాడేరు కొండలలో ఇరువదిరెండుమంది పిల్లలు గల బడిని తీసికొనుడు. అందులో ఒక్కడే యుండును, లేదా ఇద్దఱు. ఎనిమిది కావలెననిన నాలుగు కొండల అవతల నాలుగు బడులను కలుపవలెను. కలిపినను ఆ మనిషి నడచిపోవుటకే దినము చాలదు. న్యాయమైన అంకె అన్యాయమైన ఫలమును ఇచ్చుట ఇక్కడ చూడవచ్చును. అంకెను వ్రాసినవారికి పేదబడిపై ద్వేషము లేదు. పేదబడి చిన్నదనియు, విడివడి యున్నదనియు, అచ్చట డాక్టరు లేడనియు అంకెకు తెలియదు.

తరువాతి ముప్పదియేండ్ల కథ వేగముగ చెప్పవచ్చును. 1984లో సికింద్రాబాదునందు మనోవైకల్యము గలవారికై జాతీయసంస్థ వెలసెను. 1995లో వికలాంగుల హక్కులకు చట్టము వచ్చి, 40 శాతము వైకల్యము అను హద్దు గీచెను. ఆ హద్దును డాక్టరు ధ్రువపత్రమే నిర్ణయించును. 1996లో మన ప్రక్కజిల్లా యగు విజయనగరమును జిల్లా ప్రాథమికవిద్యా పథకములో చేర్చిరి. 2001 మొదలు సర్వశిక్షా అభియానము వచ్చి, ఇట్టి బిడ్డ యొక్కనికి సంవత్సరమునకు 1,200 రూపాయలు అని లెక్క కట్టెను. అది తరువాత 3,000 అయ్యెను. 2018లో వచ్చిన సమగ్రశిక్షలో 3,500 అయ్యెను. ఆడపిల్లకు నెలకు 200 చొప్పున పదినెలలు ఉపకారవేతనము వేఱు. 2016 నాటి కొత్తచట్టము వైకల్యములను 21 విధములుగా విభజించెను. ఈ సొమ్మంతయు లెక్కలో నున్న బిడ్డను వెంబడించి వచ్చును. లెక్కలో లేని బిడ్డను వెంబడించి ఏదియు రాదు.

సింహాచలపు దేవాలయమున వందలకొలది శాసనములున్నవి. వానిలో అఖండదీపములకు చేసిన దానములు అనేకము. ఆ కాలపు దాతల తెలివిని చూచినచో ముచ్చటగొలుపును. దీపము నిచ్చితినని ఊరకుండక, నేతికై గోవులనో ధనమునో ఇచ్చి, దానిని ఎవ్వరు నడపవలెనో కూడ ఱాతిపై చెక్కించెడివారు. మన పథకములలో దీపములు మాత్రము పంచిన సందర్భములు నేను చూచితిని. శిబిరము పెట్టుదురు, వినికిడి యంత్రమును బిడ్డ చెవిలో పెట్టుదురు, తల్లి సంతోషించును, ఫొటో తీయుదురు. ఆ యంత్రములోని బొత్తామంత బ్యాటరీ ఒకటి రెండు వారములలో అయిపోవును. మరల కొనుట కెక్కడ, పెట్టుట యెట్లు, చెవిలో గీపెట్టినప్పుడేమి చేయవలెను అని చెప్పు మనిషి లేనిచో మూడవవారమున అది గూటిలోనికి చేరును. నెయ్యి పోయువాడు లేని దీపమది.

మన రాష్ట్రమున నెయ్యి పోయువారిగా ఏర్పడినవారు భవిత కేంద్రములవారు. మండలమునకొక కేంద్రము, అందు సామాన్యముగ ఇద్దఱు ప్రత్యేకోపాధ్యాయులు, ఒక ఆయా, కాలుసేతుల వ్యాయామము చేయించుటకు వారములో ఒక నిర్ణీతదినమున ఫిజియోథెరపిస్టు. ఆ యుపాధ్యాయులు కొన్ని దినములు కేంద్రములో నుందురు, కొన్ని దినములు బడులకు తిరుగుదురు. బడికి రాలేని బిడ్డయింటికి పోవుదురు. వారి జీతము స్వల్పము, ఉద్యోగము ఒప్పందపుది. ఐనను పేదవాని బిడ్డకు తోడుమనిషి అనదగినవారు వారే. కేంద్రములోని ఆయా చేయు పనిని మీరు చూచిన చేతులు జోడింతురు. పండ్రెండేండ్ల పిల్లవాని బట్టలు మార్చి, నోరు తుడిచి, అన్నము కలిపి పెట్టి, నవ్వించి పంపుచుండును.

కాని మండలమునకొకటి అనుట కూడ ఒక లెక్కయే గదా. సింహాచలమునకు చుట్టును చూడుడు. గోపాలపట్టణము, పెందుర్తి, గాజువాక, ఇవి మండలములే. రేవులోను ఉక్కు కర్మాగారములోను పనికి వచ్చినవారి కాలనీలతో ఇవి క్రిక్కిఱిసి యున్నవి. కాని బస్సున్నది, కేంద్రము ఆటో దూరము. జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, ఇవియు మండలములే. అచ్చట ఊరు అనగా కొండవాలున ఇరువది గడపలు. రోగిని డోలీలో మోసికొని రోడ్డునకు తెచ్చు దారులు అచ్చట ఇంకను ఉన్నవని పత్రికలు చదువువారికి తెలియును. నడువలేని బిడ్డను ఆ దారిని వారమునకొకసారి మండలకేంద్రమునకు తెచ్చుట యనగా తల్లి ఒకదినపు కూలిని విడుచుట. ప్రయాణభత్యము ఆటోకు సరిపోవచ్చును, కూలికి సరిపోదు. ఇక్కడ ఇద్దఱు, అక్కడ ఇద్దఱు. సమానముగ పంచితిమని కాగితము చెప్పును. ఒకే కొలత గుడ్డను పసిబిడ్డకును పహిల్వానునకును కోసియిచ్చి సమానమనుటవంటిది.

నేను చూచిన ఒక సంగతి చెప్పెదను. సింహాద్రి క్రింద ఒక ఉన్నతపాఠశాలలో నేను తెలుగు పండితుడుగా నుండగా ఎనిమిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. పద్యము అప్పగింపుమనిన తల వంచుకొనును. వ్రాయుమనిన చక్కగ వ్రాయును. ప్రక్కపిల్ల ఆమెకు గుట్టుగా అన్నియు చూపించుచుండెను. వీధిబడినాటి పెద్దపిల్లవాడే ఈ పిల్ల. ఉపకారవేతనపు కాగితము నింపుటకై వచ్చిన తల్లి రేకుపెట్టెనుండి తెచ్చిన పత్రములలో వినికిడి వైకల్యపు ధ్రువపత్రము బయటపడెను. దానిపై నాలుగేండ్ల క్రిందటి తేదీ. పింఛనుకొఱకు చేయించినది, బడికి చూపవలెనని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. ఊరికంతకు తెలిసిన సంగతి బడి పుస్తకమున లేదు. వ్రాసిన పిమ్మట భవిత కేంద్రమునుండి ఒక ఉపాధ్యాయురాలు బుధవారములందు రాసాగెను. ఆమె చేసిన మొదటిపని చాల చిన్నది. బాలికను కిటికీకి వీపుపెట్టి ముందుబల్లపై కూర్చుండబెట్టి, వెలుతురు పాఠము చెప్పువాని ముఖముపై పడునట్లు చేసి, మమ్మందఱిని నల్లబల్లవైపు తిరిగి మాటలాడవలదని కోరెను. ఆ యుపాధ్యాయురాలు ఒక్క బాలికకై వచ్చినది గాని, రెండు నెలలు తిరుగకమునుపే మా బడిలోనే మఱి యిద్దఱిని కనిపెట్టెను. ఒకడు చూపు మందమైనవాడు. మేమందఱము అశ్రద్ధ యనుకొనుచుండిన బాలుడు. మఱొకడు అక్షరములు గుర్తుపట్టలేని తెలివైనవాడు. మనిషి వచ్చినచోట పిల్లలు బయటపడుదురని అప్పుడు నాకు స్పష్టమయ్యెను. పిల్లలు బయటపడినచోటికే మనిషిని పంపుదుమని మన లెక్క యనుచున్నది. అటుది యిటు, ఇటుది యటు.

ఈ చిక్కు మనకే కాదు. ఐర్లండు దేశము చిన్నది, మనకంటె ధనము గలది. అచ్చట పేదప్రాంతముల బడులను 2005లో వేఱుగా గుర్తించి వానికి అధికసహాయము నేర్పఱచిరి. ప్రత్యేకావసరములు గల పిల్లలకు బడిలో సహాయకు లుందురు; ప్రత్యేకముగ బోధించువారు వేఱుగ నుందురు. ఆ బోధన గంటలను బిడ్డకు నిపుణుడు వ్రాసియిచ్చిన నిర్ధారణపత్రమునుబట్టి ఇచ్చుచుండిరి. చేతిలో డబ్బున్న తండ్రి ప్రైవేటు నిపుణునికి రుసుము చెల్లించి త్వరగ పత్రము తెచ్చును. లేనివాడు సర్కారు వరుసలో నిలిచి సంవత్సరము పోగొట్టుకొనును. పత్రములు ఎక్కువగా నున్న బడికి గంటలు ఎక్కువ. ఇది అన్యాయమని 2014లో వారి జాతీయమండలియే చెప్పెను. 2017 సెప్టెంబరునుండి బిడ్డ పత్రమును గాక బడి మొత్తపు స్థితిని, అనగా పిల్లల సంఖ్యను, చదువులో వెనుకబాటును, చుట్టుపట్ల పేదఱికమును చూచి ముందుగనే గంటలను ఇచ్చుట మొదలిడిరి. సహాయకుల పంపకమున మాత్రము ఇట్టి మార్పు అంత సులభముగ సాగలేదు. 2024లో ఆ బోధన లెక్కనుండి మిక్కిలి కష్టావసరముల గడిని తొలగింపగా తల్లిదండ్రులు గట్టిగ ఆక్షేపించిరి. అచ్చటను గడియే తగవు. వారి పద్ధతి దోషము లేనిదని నేననను. పత్రము రాకమునుపే పేదబడికి మనిషి రావలెనన్న ఆలోచన మాత్రము మనము ఎరువు తెచ్చుకొనదగినది.

మనయొద్ద ఇప్పుడు ఈ ప్రశ్న తాజాగ నున్నది. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే దావాలో ప్రాథమికతరగతులలో పదిమంది ప్రత్యేకావసరముల పిల్లలకు ఒకరు, పైతరగతులలో పదునైదుమందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని ఆదేశించెను. 2025 మార్చి 7న మరల, పోస్టులను ప్రకటింపుడని రాష్ట్రములను ఒత్తిడి చేసెను. మన రాష్ట్రప్రభుత్వము ఆ సంవత్సరముననే 2,260 ప్రత్యేకోపాధ్యాయుల పోస్టులను మంజూరు చేసెను. 1,136 సెకండరీగ్రేడు, 1,124 స్కూలు అసిస్టెంటు. ఇన్నేండ్లకు శాశ్వతమైన పోస్టులు వచ్చుట శ్లాఘనీయము. రాష్ట్రమున సర్కారు యాజమాన్యపు బడులు నలుబది వేలకు పైచిలుకు. ఇరువది బడులకు ఇంచుమించు ఒకరు మాత్రమే వత్తురు. కనుక ఏ బడికి ఈయవలెను అను ప్రశ్న తప్పదు.

నమోదైన పిల్లల సంఖ్యను పదిచేతను పదునైదుచేతను భాగించుట సులభము, అధికారులకు తగవులుండవు. అట్లు చేసినచో ఎనిమిది అను అంకె చేసిన పనినే పది అను అంకెయు చేయునని నా భయము. నా అభిప్రాయమున, మన్యపు మండలములకును, మత్స్యకారుల వాడలకును, నిర్వాసితుల కాలనీలకును కొన్ని పోస్టులను నమోదుతో నిమిత్తము లేక ముందుగ తీసిపెట్టవలెను. రెండేండ్లు మనిషి అక్కడ తిరిగిన పిమ్మట లెక్క తీసినచో అది నిజమైన లెక్క యగును. మిగిలినవానిని సంఖ్యనుబట్టి పంచుకొనవచ్చును. ఉపాధ్యాయునకు తోడు ఆయాను మఱువరాదు. ఆమె లేనిదే బాలిక యొక్కతె మూడవగంటకు ఇంటికి పోవలసివచ్చుట నేనెఱుగుదును. కారణము పాఠము కాదు, మఱుగుదొడ్డి.

ఇంతలో ఒక పని పల్లెలలోనే కావలసియున్నది. ప్రతి బడియు సంవత్సరమునకొకసారి, సెప్టెంబరు 30వ తేదీ నాటి స్థితిని చూపుచు, దేశమంతటికి ఒకే తీరుగనున్న పట్టికను నింపును. మన్రో కాలపు పట్టికలో లేని గడి ఇందులో నున్నది. దానిని నింపువాడు అనేకస్థలములలో అయిదు తరగతులకు ఒక్కడే యగు ఉపాధ్యాయుడు. వానికి బదిలీపై వచ్చి ఆఱునెలలు కాలేదు. ఎవ్వరియింట బిడ్డను బయటికి రానీయక యుంచిరో వానికి తెలియదు. మీకు తెలియును. 2024 జూలై నుండి వైకల్యపు పింఛను నెలకు 6,000 రూపాయలైనది గావున ఎవ్వరియొద్ద ధ్రువపత్రమున్నదో, ఎవ్వరు శిబిరమునకు పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చిరో మీ రచ్చబండయొద్ద అందఱును ఎఱుగుదురు. ధ్రువపత్రము లేకున్నను పేరును బడిలో వ్రాయవచ్చును. బిడ్డను పరీక్షకు పంపుట తరువాతి మెట్టు. ఆ పేరులను ఆగస్టు నెలలోనే హెడ్‌మాస్టరునకు చేర్పుడు. మండలమున భవిత కేంద్రమెక్కడనో ఆయనయే చెప్పును. కేంద్రమువారు ఇంటికి కూడ వత్తురు. సెప్టెంబరు 30 దాటినచో ఆ బిడ్డ పేరు మరుసటి యేటి పట్టికకొఱకు వేచియుండవలసి రావచ్చును.